ఉప్పు వేశానో లేదో

మొన్న ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. సైకాలజీ చదువు ముగించి, వచ్చే నెల ఒక ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరబోతోంది. నాలాంటి పాతకాపును కలిసి నాలుగు ముక్కలు నేర్చుకు రమ్మని వాళ్ళ ప్రొఫెసరు పంపారట. కాఫీ తాగడం అయ్యీ కాకముందే, జ్ఞాపకశక్తి కొలవడానికి అన్నిటికన్నా మంచి పరీక్ష ఏది మేడం అని అడిగింది. సాంబారు అన్నాను. ఆ పిల్ల ముఖం చూడాలి మీరు. రిటైరయ్యాక ఈవిడకే ఏదో అయిందనుకుని ఉంటుంది.

నేను తమాషాకు అనలేదు. అసలు సంగతి చెప్పడం మొదలుపెట్టి భోజనాల వేళ దాటించేశాను. పాపం, ఆకలేస్తోందని చెప్పడానికి మొహమాటపడి బిస్కెట్ల ప్లేటు ఖాళీ చేసింది. ఆమెకు చెప్పిందే ఈ వృత్తిలోకి వచ్చే మిగతా పిల్లల కోసం రాస్తున్నాను. నాకు ఎప్పుడు జీతం పెరిగింది, ఎవరు సన్మానం చేశారు లాంటివి ఇందులో ఉండవు. శాలువాలు బీరువాలో ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకెళ్ళండి.

పడవ, సముద్రం

తొంభైల మొదట్లో హిందూపురంలో ఒక చిన్న ప్రైవేటు మానసిక ఆసుపత్రిలో చేరాను. బుధవారాలు పెనుకొండలో, శనివారాలు ధర్మవరంలో క్యాంపు పెట్టేవాళ్ళం. పొద్దున్నే ప్యాసింజరు రైలెక్కితే మందుల పెట్టె సీటు కింద, మా పెద్ద డాక్టరుగారి ఫ్లాస్కు నా ఒళ్ళో. పేరుకు నేను క్లినికల్ సైకాలజిస్టును. రైల్లో మాత్రం ఫ్లాస్కు మోసే మనిషిని.

బెంగుళూరులో చదివొచ్చానన్న పొగరు కొంచెం ఉండేది. నా సంచీలో పరీక్షలుండేవి. కొన్ని మాటలు చదివి వినిపించి, కాసేపాగి, వాటిలో ఎన్ని గుర్తున్నాయో అడగాలి. ఆ మాటల్ని ఎవరో పుణ్యాత్ములు ఇంగ్లీషు నుంచి యథాతథంగా దించేశారు. పడవ, సముద్రం, వంతెన, ఓడరేవు. పరిగి నుంచి వచ్చిన ఒక అవ్వ మీద మొదటిసారి ప్రయోగించాను. ఆమె ఒక్క మాట కూడా తిరిగి చెప్పలేదు. "పడవ యాడుండాది తల్లీ మనకి? మా చెరువులో నీళ్ళు చూసే శానా దినాలాయె. కంట చూడనిది ఎట్ల గుర్తు పెట్టుకునేది?" అని నన్నే నిలదీసింది. ఆమె లెక్క సరైనదే. సున్నా మార్కులు రావలసింది నాకు.

ఇంకోసారి వేరే రాష్ట్రం నుంచి శిక్షణకు వచ్చిన కుర్ర డాక్టరు ఒకావిడ గురించి తీవ్రమైన మతిమరుపు అని చెప్పాడు. భర్త పేరు కూడా గుర్తు రావడం లేదట. నేను వెళ్ళి చూస్తే ఆవిడ సిగ్గుతో చచ్చిపోతోంది. మొగుడి పేరు నోటితో ఎట్లా చెబుతుంది? నన్ను చూడగానే గోడకున్న వేంకటేశ్వరస్వామి క్యాలెండరు వైపు చెయ్యి చూపించింది. ఆవిడ మతికి వచ్చిన లోటేమీ లేదు, తెలుసుకోవలసింది మా వాడే. ఆ కుర్రాడు తరవాత మంచి డాక్టరయ్యాడు లెండి.

మా పెద్దాయన

మా పెద్ద డాక్టరు రంగనాథరావుగారు. కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడేవారు. రోగులందరూ చెవిటివాళ్ళనుకున్నట్టు అరిచేవారు. "నిద్ర వస్తాందా లేదా?" అని ఆయన అడిగితే వీధి చివర సైకిల్ షాపువాడు కూడా లేచి కూర్చునేవాడు. కోపం ముక్కు మీదే ఉండేది. నా కోపమూ తక్కువేం కాదు. ఇద్దరం కలిసి అన్నేళ్ళు పనిచేశామంటే మా కాంపౌండరుకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆయన ఒక మాట నేర్పారు. "మరుపు ఎంతుండాదో కొలిచేది ఎవరైనా చేస్తారమ్మా. ఎప్పుడొస్తాందో కనుక్కో. అది తెలిస్తే మిగతా అదే వస్తాది." ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ మాట గుర్తుంచుకోండి.

మా వైపు ఎవరూ వచ్చి నాకు దిగులుగా ఉంది అని చెప్పరు. దిగులు జబ్బని ఎవరూ అనుకోరు. తల తిరుగుతోందంటారు, గుండె దడంటారు, ఎక్కువమంది మతిమరుపంటారు. గుడిబండ దగ్గర నుంచి ఒక రైతు వచ్చేవాడు. తాతల నాటి భూములున్న ఇల్లు. వరసగా బోర్లు ఎండిపోయాయి. ఎవరింటికి బయల్దేరాడో దారిలోనే మర్చిపోయేవాడు. సంతోషంగా గడిచిన ఒక్క రోజు గురించి చెప్పమంటే అన్ని దినాలూ ఒకటే కదమ్మా అన్నాడు. కూతురు పుట్టిన రోజు సంగతి అడిగితే, బాగానే ఉండె అని ఊరుకున్నాడు. బోరు లారీ నీళ్ళు పడక తిరిగిపోయిన రోజు గురించి అడిగితే మాత్రం డ్రైవరు చొక్కా రంగుతో సహా చెప్పాడు.

కుంగుబాటు చేసే పని ఇదే. మంచి రోజులన్నిటినీ కలిపి ఒకే ముద్ద చేసేస్తుంది, చెడ్డ రోజును మాత్రం విడిగా పెడుతుంది. ఇక ఇప్పటి సంగతులంటారా, అవి అసలు లోపలికే వెళ్ళవు. ఇంట్లో పెద్ద గొడవ జరుగుతున్నప్పుడు వాకిట్లో ఎవరు పిలిచినా వినపడదు కదా, అట్లాగే. దాన్ని మతిమరుపు అని మందబుద్ధి కింద జమకట్టేస్తారు ఇంట్లోవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. మందులతో, మాటలతో ఆ రైతు కొన్ని నెలలకు తేరుకున్నాడు. ఒకరోజు వచ్చి కూర్చుని, కూతురు పుట్టిన రోజు జోరున వాన పడిందనీ, మంత్రసానికి గొడుగు పట్టుకుని తనే నడిపించుకొచ్చాననీ నేను అడక్కుండానే చెప్పాడు. చెబుతూ నవ్వాడు. నా ఉద్యోగంలో నాకు దొరికిన లంచాలు ఇట్లాంటివే.

నారాయణప్ప

తొంభైల చివర్లో ఒక బుధవారం పెనుకొండ క్యాంపుకు రుక్కమ్మ అనే ఆవిడ భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన నారాయణప్ప, వంటస్వామి. చుట్టుపక్కల పెళ్ళి భోజనమంటే ఆయన చెయ్యే. ఆయన పెట్టిన సాంబారు తిన్నవాళ్ళు పెళ్ళికూతురు పేరు మర్చిపోయినా సాంబారును మర్చిపోరని చెప్పుకునేవాళ్ళు. అంత మనిషి నా ఎదురుగా తల వంచుకుని, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా కూర్చున్నాడు.

ఆయన జబ్బేమిటో రుక్కమ్మే చెప్పింది. ఒక పెళ్ళిలో సాంబారులో ఉప్పు రెండుసార్లు వేశాడు. ఇంకో పెళ్ళిలో అసలు వేయలేదు. మూడో చోట మళ్ళీ రెండుసార్లు. ఆ మూడో పెళ్ళిలో మగపెళ్ళివారు విస్తళ్ళ ముందు నుంచి లేచిపోయారు. ఇంటి దగ్గర కూడా అంతేనట. అంగడికి పోయి ఎందుకొచ్చానో తెలియక తిరిగొస్తాడు. నిద్ర లేదు. మనుషుల్లోకి రాడు. తాయెత్తు కట్టించారు. మతికి మంచిదని ఎవరో చెబితే పెరట్లో సరస్వతాకు మొక్కను మోడయ్యేదాకా నమిలాడు. ఇప్పుడు గుండిగలు, బాణళ్ళు, గంటెలు, వంట సామాన్లన్నీ అమ్మేసి ఏదో కల్యాణమంటపానికి కాపలా ఉంటానంటున్నాడు. ధర్మవరంలో పాత్రల దుకాణం పెట్టుకున్న ఒకాయనకు మాట కూడా ఇచ్చేశాడు. "సామాన్లు పోతే ఈ మనిషే పోతాడు మేడం" అంది రుక్కమ్మ. అతిశయోక్తి అనిపించలేదు నాకు.

మా పెద్దాయన విన్నారు, నిద్రకూ దిగులుకూ మాత్రలు రాశారు. అంతవరకూ బాగానే ఉంది. తరవాత, ఉప్పు సంగతి అంత కష్టమైతే కొంచెం నోట్లో వేసుకుని రుచి చూడు అని సలహా పారేశారు. అప్పటిదాకా నోరు విప్పని నారాయణప్ప లేచి నిలబడ్డాడు. "ఎంగిలి చేసిన వంట పంక్తిలో పెట్టే బతుకు నాకొద్దు సార్" అన్నాడు. ఆయన నేర్చుకున్న వంటలో, దేవుడికి నైవేద్యం పెట్టేదాకా ఎవరూ రుచి చూడకూడదు. నైవేద్యం అయిన వెంటనే వడ్డన. వంట చేసినవాడి నాలుకకు వంతు వచ్చేది అందరూ తిన్నాకే. కాబట్టి ఉప్పు సరిపోయిందా లేదా అన్నది నాలుకకు కాదు, మతికే తెలియాలి. మా పెద్దాయన తినడంలో సిద్ధహస్తులే గానీ, వంటింటి ఆచారం ఆయనకు తెలియదు. 

నా పరీక్షల్లో నారాయణప్పకు వచ్చిన మార్కులు మరీ తక్కువ. కానీ పాత పెళ్ళిళ్ళ గురించి కదిపితే ఎవరింట్లో ఏ వంట పెట్టాడో, ఎక్కడ అప్పడాలు చాలక పరుగులు తీశాడో కళ్ళకు కట్టినట్టు చెప్పేవాడు. మతి పోయినవాడు అట్లా చెప్పలేడు. అప్పుడు పెద్దాయన మాట గుర్తుకొచ్చింది. ఎంత మర్చిపోయాడో వదిలేసి, ఎప్పుడు మర్చిపోతున్నాడో అడగడం మొదలుపెట్టాను.

మూడో పెళ్ళి రోజు సాంబారు ఎట్లా చేశావో మొదటి నుంచి చెప్పమన్నాను. పప్పు ఉడికింది, ముక్కలు వేశాడు, పులుసు పోశాడు, పొడి కలిపాడు. అక్కడ ఆగిపోయాడు. తరవాత ఆయనకు గుర్తున్నది పంక్తి లేచిపోవడమే. మిగతా రెండు పెళ్ళిళ్ళూ అడిగాను. రెండూ అక్కడే ఆగాయి. పొడి తరవాత ఏం చేస్తావని అడిగితే, ఉప్పేసి ఒక పొంగు రానిచ్చి తిరగవాత పెడతానన్నాడు. తాలింపును మా వైపు తిరగవాత అంటారు. పక్కన పెద్ద బాణలిలో నూనె కాగుతూ ఉంటుంది, ఆవాలు పడగానే చిటపటలాడి లేస్తాయి.

ఆ మాట అన్నప్పుడు ఆయన చేతులు ఒళ్ళో ముడుచుకున్నాయి. రుక్కమ్మ మెల్లగా, ఏడాదిన్నరగా మా ఇంట్లో తిరగవాత లేదు మేడం, చప్పిడి కూరలే తింటాండాము అంది. ఆవాల చప్పుడు వింటే ఆయన లేచి బయటికి వెళ్ళిపోతాడట. ఏడాదిన్నర కింద ఏం జరిగిందని అడిగాను. 

చప్పరం

ఏడాదిన్నర కింద ఒక పల్లెలో పెళ్ళి. వంటకు కొబ్బరి మట్టలతో చప్పరం వేశారు, అంటే పందిరి. మండు వేసవి, మట్టలు ఎండి పెళపెళలాడుతున్నాయి. వడలకు పెట్టిన నూనె మితిమీరి కాగి భగ్గుమంది. మంట పైకి లేచి, ఎండు మట్టలు ఆవాల్లా చిటపటమంటూ చప్పరం అంటుకుంది. కింద ఉన్నది నారాయణప్ప తమ్ముడు శీనప్ప. మండుతున్న మట్టలు అతని మీద పడ్డాయి. భుజం నుంచి మణికట్టు దాకా చెయ్యి కాలింది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు.

నారాయణప్ప ఇంతవరకు చెప్పడానికి కొన్ని వారాలు పట్టింది. అదీ వరసగా కాదు. నూనె వాసన గుర్తుంది, ఎవరో ఆడమనిషి కేక గుర్తుంది. చప్పరం కూలాక ఏం జరిగిందో గుర్తులేదు. ఆ తరవాత ఊరి బయట కానుగ చెట్టు కింద కూర్చుని ఉన్నాడట, అంతే. మధ్యలో ఉన్న ఖాళీని ఆయనే పూడ్చుకున్నాడు. తమ్ముణ్ణి మంటల్లో వదిలేసి పారిపోయానని.

పిల్లలూ, ఇది బాగా చూసి పెట్టుకోండి. పెద్ద దెబ్బ తగిలినవాళ్ళ జ్ఞాపకంలో కొన్ని ముక్కలు మరీ గట్టిగా అతుక్కుంటాయి, కొన్ని ఊడిపోతాయి. ఊడిపోయిన చోట మనిషి ఊరుకోడు, తన మీద నేరం మోపుకుని నింపేస్తాడు. ఇంట్లోవాళ్ళు మంచి మనసుతోనే, ఆ మాట ఎత్తొద్దు అని కట్టడి చేస్తారు. దాంతో ఆ తప్పుడు ముక్కను సరిచేసేవాడు ఉండడు. మా వైపు ఇళ్ళల్లో ఈ కట్టడి నాకు వైరి.

ముందు ఆవాల భయం తగ్గించాలి. మా ఆసుపత్రి వెనక, రోగుల బంధువులు వండుకోవడానికి రేకుల షెడ్డు ఉండేది. నారాయణప్పను హిందూపురం రప్పించి, మొదట ఆవరణ చివర నిలబెట్టాను. షెడ్డులో రుక్కమ్మ చిన్న బాణలిలో తాలింపు పెట్టేది. ఆవాలు చిట్లగానే ఆయన మొహం పాలిపోయేది. చెప్పులు విడిచి నేల మీద పాదాలు ఆనించమనేదాన్ని. ఎక్కడున్నావో పైకి చెప్పమనేదాన్ని. "ఇది హిందూపురము. అది చిన్న బాణలి. పైన రేకులుండాయి, చప్పరం లేదు" అని గొణిగేవాడు. వారం వారం కొంచెం ముందుకు జరిపాను. షెడ్డు గుమ్మం దాకా వచ్చాడు, తరవాత పొయ్యి దాకా. చివరికి ఒకరోజు తనే ఆవాలు వేశాడు. చెమటతో తడిసిపోయాడు గానీ కదల్లేదు.

ఈలోగా ఆసుపత్రిలో ఇంకో ఉపద్రవం వచ్చిపడింది. పదకొండు అయ్యేసరికి ఇంగువ తాలింపు వాసన ఓపీ అంతా కమ్మేది. ఆకలి లేదని వచ్చిన రోగులు ఆకలేస్తోందనేవారు. మా పెద్దాయన మండిపడుతూ షెడ్డుకొచ్చి, రోగం నయం చేస్తాండావా హోటలు పెట్టినావా అని నా మీద అరిచారు. అరిచినవారు వెళ్ళలేదు. గిన్నె మూత తీసి చూసి, కాంపౌండరును పిలిచి కంచం తెమ్మన్నారు. ఆ తరవాత చికిత్స రోజుల్లో ఆయన ఇంటి నుంచి క్యారియరు తెచ్చుకోవడం మానేశారు.

ఎడమ పక్క

భయం తగ్గింది. నిద్ర కుదిరింది. అంగడికి పోతే సరుకులతో తిరిగొస్తున్నాడు. కానీ పెద్ద గుండిగ పెట్టి పది ఇళ్ళకు సరిపడా సాంబారు చేయిస్తే మళ్ళీ అదే తంతు. ఉప్పు వేసేవాడు, ఒక్క నిమిషం ఆగేవాడు, వేశానో లేదో అని బిక్కమొహం పెట్టేవాడు. నాకు విసుగొచ్చింది. ఆయనకు నాకన్నా ఎక్కువ విసుగొచ్చి, ఇంక చాలు మేడం, పాత్రల దుకాణమాయనకు కబురు చేస్తాను అన్నాడు.

ఆ రోజే ఒకటి గమనించాను. ఉప్పు వేయగానే ఆయన ఎడమ పక్కకు చూస్తున్నాడు. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. ముందు వారాల్లోనూ అట్లాగే చూశాడు, నేను పట్టించుకోలేదు. అక్కడేముందని అడిగాను. "ఆడ శీన నిలబడతాండె" అన్నాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. వాళ్ళ నాయన కాలం నుంచి వాళ్ళింట్లో వంటకు ఇద్దరు నిలబడేవారు. ఎవరూ రుచి చూడరు కాబట్టి, ఒకరు ఉప్పు వేస్తే పక్కనున్నవాడు "ఉప్పు పడె" అని పైకి అనాలి. వేసినవాడు "పడె" అని బదులివ్వాలి. కారానికీ పులుపుకూ అంతే. శీనప్ప తన అన్నకు ఎడమ పక్కన నిలబడి ఇన్నేళ్ళూ ఆ పని చేశాడు. చప్పరం కాలాక నారాయణప్ప తమ్ముణ్ణి పనికి పిలవలేదు. కూలి మనుషుల్ని పెట్టుకున్నాడు. వాళ్ళకు ఈ పద్ధతి తెలియదు. ఆవాలు చిట్లి ఈయన మతి మంటల్లోకి పోయినప్పుడు, ఉప్పు పడిందని చెప్పే గొంతు పక్కన లేదు.

నేను ఇన్ని నెలలుగా ఒక మనిషి మతిని వెదుకుతున్నాను. అది ఇద్దరి మధ్య పెట్టుకున్న మతి. పక్కన ఎవరుండేవారని మొదటి రోజే అడగవలసిన ప్రశ్న. బెంగుళూరులో మాకు ఆ ప్రశ్న నేర్పలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

శీనప్పను ఎందుకు పిలవలేదని అడిగితే నారాయణప్ప ఏడ్చాడు. తమ్ముణ్ణి వదిలి పారిపోయిన మొహం ఎట్లా చూపించేది అన్నాడు. ఇద్దరివీ ఒకే వీధిలో ఇళ్ళు. ఎదురుపడితే ఒకరు సందులోకి తిరిగేవారట.

శీనప్ప పెనుకొండ స్టేషను దగ్గర టీ అంగడి పెట్టుకున్నాడని రుక్కమ్మ చెప్పింది. తరవాతి బుధవారం రైలు దిగి నేరుగా అక్కడికే వెళ్ళాను. కాలిన చెయ్యి కనపడకుండా నిండు చేతుల చొక్కా వేసుకున్నాడు. అన్న ఎందుకు పిలవడం లేదని అడిగితే, ఈ చెయ్యితో వడ్డిస్తే జనం అసహ్యపడతారని అన్నకు భయమేమో, నేనే దూరంగా ఉన్నానన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంగడి మూయించి వెంట తీసుకెళ్ళాను.

క్యాంపు గదిలో అన్నదమ్ములిద్దరూ చెరో గోడ చూస్తూ కూర్చున్నారు. నారాయణప్పతో ఆ రోజు సంగతి మొదటి నుంచి చెప్పించాను. చప్పరం కూలిందన్న దగ్గరికి వచ్చి, ఆ తరవాత నేను పారిపోయినా అన్నాడు.

శీనప్ప గోడ మీద నుంచి చూపు తిప్పాడు. "యాడికి పారిపోతివి? మట్టల కింద దూరి నా నడుము పట్టుకోని బయటికి ఈడ్సుకొచ్చింది నువ్వే కదన్నా. నా చొక్కా మంట నీ చేతులతో కొట్టి ఆర్పితివి. నీ అరచేతులు ఎట్ల కాలినాయి అనుకుంటాండావు?"

నారాయణప్ప అరచేతులు విప్పి చూసుకున్నాడు. నున్నగా, తెల్లగా మచ్చలు. బాణలి పట్టుకున్నప్పుడు కాలాయని అనుకుంటున్నాడట ఇన్నాళ్ళూ. నన్ను బండి ఎక్కించినాక నువ్వు యాడికి పోతివో నాకు తెలీదు, ఆ లోపల మాత్రం నువ్వు నన్ను వదల్లేదు అని శీనప్ప మళ్ళీ చెప్పాడు. దాదాపు రెండేళ్ళుగా ఒకే వీధిలో ఉండి ఈ ఒక్క ముక్క ఒకరికొకరు చెప్పుకోలేదు. మా పెద్దాయన గుమ్మంలో నిలబడి విన్నారు. ఆ రోజు ఆయన ఎవరి మీదా అరవలేదు.

పంక్తి

ఆ తరవాత ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఒక ఇంట్లో పెళ్ళి కుదిరింది. వాళ్ళ పెద్దబ్బాయి పెళ్ళికి వండింది నారాయణప్పే కాబట్టి, ఎవరెంత చెప్పినా వినక చిన్నబ్బాయి పెళ్ళికీ ఆయన్నే పిలిచారు. శీనప్ప పక్కన ఉంటాడన్న ధైర్యంతో ఒప్పుకున్నాడు. కానీ రుక్కమ్మతో తేల్చి చెప్పేశాడట. ఇది కూడా చెడితే, ఇంక ఆ పొయ్యి మొహం చూసేది లేదు, సామాన్లు అక్కడి నుంచి అక్కడే దుకాణానికి పంపించేస్తానని. దుకాణమాయన పెళ్ళివారికి చుట్టం కూడా, పిలవకుండా ఎట్లా ఉంటారు.

మాకూ పిలుపొచ్చింది. పంక్తిలో నా పక్కన మా పెద్దాయన. ఉప్పు ఎక్కువైనా మొహం మార్చొద్దు, మింగేయాలి అని నాకు ముందే హెచ్చరిక. ఎదురు వరసలో పాత్రల దుకాణమాయన. వంటశాల వైపు నుంచి ఆవాల చిటపట వినపడింది. నేను ఆకు మీద చెయ్యి పెట్టుకుని లోపల దేవుళ్ళందరినీ తలుచుకున్నాను. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో ఏ పరీక్ష ఫలితానికీ అంత వణకలేదు.

సాంబారు వచ్చింది. అన్నంలో కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు తక్కువ. బాగా తక్కువ. మా పెద్దాయన తల వంచుకుని తింటూనే ఉన్నారు. అటు చివర ఎవరో ఉప్పు అడిగారు. ఇంకెవరో అడిగారు. నా ప్రాణం ఉసూరుమంది.

వంటశాల లోపలి నుంచి నారాయణప్ప వచ్చాడు. చేతిలో ఉప్పు గిన్నె. తలుపు చాటున దాక్కోలేదు, తల వంచుకోలేదు, వరసలో మొదటి ఆకు నుంచి తనే వడ్డించుకుంటూ వస్తున్నాడు. వెనకే శీనప్ప, చొక్కా చేతులు పైకి మడిచి, సాంబారు బక్కెట్టుతో. నారాయణప్ప నా ఆకు దగ్గర వంగి అన్నాడు. "తక్కువుంటాది మేడం. నాకు తెలుసు. ఏసేటప్పుడు భయం పుట్టి ఒక దోసిలి తగ్గించినా. ఎంత తగ్గించినానో కూడా గుర్తుండాది."

వెనకనుంచి శీనప్ప, నేను అప్పుడే చెప్పితి, ఇనలేదు అని సణిగాడు. నారాయణప్ప ఎదురు వరసకు వెళ్ళి, పాత్రల దుకాణమాయన ఆకులో ఉప్పు పెట్టి, సామాన్లు ఇచ్చేది లేదప్పా, ఏమీ అనుకోవద్దు అన్నాడు. ఆయన నోటినిండా అన్నంతో తలూపాడు.

మా పెద్దాయన ఉప్పు కలుపుకున్నారు. పంక్తిలో అందరూ కలుపుకున్నారు. నేను కలుపుకోకుండానే ఆ చప్పిడి సాంబారు రెండోసారి పోయించుకుని తిన్నాను.